సార్ మనోడే!

భివండీలోని మా కనేరిలో సాంచా, అంటే మరమగ్గం, కొన్నవాడు సేటు. సేటు లెక్కలు రాసేవాడు మెహతాజీ. నేసిన బట్టకు కొనే పార్టీని చూపించేవాడు దలాల్. సాంచా కొనకుండా, లెక్క రాయకుండా, పార్టీని చూపించకుండా ఈ ముగ్గురి దగ్గరా చాయ్ తాగి, పోతూ పోతూ ఆటో పైసలు కూడా పట్టుకుపోయేవాడు సినిమా దర్శకుడు.

దర్శకుడంటే సినిమా తీసినవాడని ఎవరైనా అనుకుంటే అది పాతకాలపు పట్టింపు. భివండీ దాకా వచ్చే దర్శకుడు సినిమా తీయబోయేవాడు. బతుకమ్మ దగ్గర పడుతుండగా, సేట్ల చేతుల్లో కాస్త పైసలు ఆడే వేళ చూసుకుని దిగుతాడు. కథేమిటంటే "ఇంకా లాక్ కాలేదన్నా" అంటాడు. బడ్జెట్ ఎంతంటే "అది మీ మనసును బట్టి" అంటాడు. హీరో ఎవరంటే మాత్రం మాట్లాడడు. జేబులోంచి ఫోను తీస్తాడు.

ఆ ఫోనే ఆయన ఆస్తి. అందులో ఫొటోలుంటాయి. విమానాశ్రయంలో ఒక పెద్ద హీరో. ఆయన చూపు సామాను బెల్టు మీద, మన దర్శకుడి చూపు కెమెరా మీద. ప్రీ రిలీజ్ ఈవెంట్లో ఒక హీరోయిన్. ఆమె వెనక మూడో వరుసలో, బౌన్సర్ భుజానికీ చెవికీ మధ్య దొరికిన సందులో మన దర్శకుడి సగం మొహం. తిరుమలలో ఒక నిర్మాత. ఆయన గోవిందా అంటున్నాడు, ఈయన చీజ్ అంటున్నాడు. అన్నిటికన్నా గొప్పది ఒక సీనియర్ నటుడి సంతాప సభలోది. అందరూ తలలు దించుకుని ఉన్నారు. ఒక్కడే తలెత్తి నవ్వుతున్నాడు. ఎవరో చెప్పక్కర్లేదు.

"ఈ సార్ మనోడే" అంటాడు ఒక్కో ఫొటోకు. "ఈ అన్న కూడా మనోడే. రాత్రి పన్నెండింటికి ఫోన్ చేసినా ఎత్తుతాడు."

రాత్రి పన్నెండు ఇంకా కానందువల్ల ఎవరూ చేసి చూపించమని అడగరు. అడిగే ధైర్యం ఉన్న సేట్లు లేక కాదు. కనేరి సేటు నూలు వేళ్లతో నలిపి కౌంటు చెప్పగలడు, బీము చూసి ఎన్ని తాకాల బట్ట దిగుతుందో అంచనా కట్టగలడు. అలాంటి మనిషి కూడా సినిమా ఫొటో ముందు మాత్రం మొదటిసారి పట్నం చూసిన పిల్లవాడైపోతాడు. బట్టలో దారం తెగితే దూరం నుంచే పట్టుకునే కన్ను, ఆ ఫొటోలో హీరో ఎటు చూస్తున్నాడో గమనించదు.

ఈ వ్యాపారం ఒక్క కనేరి దర్శకుడు కనిపెట్టింది కాదు. ఆయనకు హైదరాబాదులో గురువులున్నారు. పేపర్లో సినిమా పేజీ తెరిచి ఏ కొత్త సినిమా ముహూర్తం వార్తైనా చదవండి. పేర్లు మార్చి అదే వార్తను ఏళ్ల తరబడి వేస్తున్నారేమోనని అనుమానం వస్తుంది. ముహూర్తపు సన్నివేశానికి ఫలానా నిర్మాత క్లాప్ కొట్టగా, ఫలానా ఎమ్మెల్యే కెమెరా స్విచాన్ చేయగా, ఫలానా అగ్ర దర్శకుడు గౌరవ దర్శకత్వం వహించారు. స్క్రిప్టును ఫలానా వారి చేతుల మీదుగా అందజేశారు. అంతే వార్త. సినిమా దేని గురించో చివరి వాక్యంలో ఉంటుంది: "విభిన్నమైన కథాంశంతో."

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చేది గౌరవ దర్శకత్వం. గౌరవ డాక్టరేట్లు చూశాం. గౌరవ డాక్టరేట్ పుచ్చుకున్నవాడు గౌరవార్థం ఒక ఆపరేషన్ చేయడం మాత్రం ఎక్కడా చూడలేదు. సినిమాలో అది మొదటి రోజే జరిగిపోతుంది. దేవుడి పటం మీద తీసిన మొదటి షాట్‌కు అగ్ర దర్శకుడు "యాక్షన్" అంటాడు. దేవుడు కదలడు. షాట్ ఓకే. మర్నాటి నుంచి ఆ సినిమాతో ఆయనకూ, ఆయనతో ఆ సినిమాకూ ఏ సంబంధమూ ఉండదు. పోస్టర్ మీద మాత్రం ఆయన దీవెన ఆఖరి దాకా ఉంటుంది.

ముహూర్తంతో అయిపోదు కదా. టైటిల్ ఒకరు విడుదల చేస్తారు, ఫస్ట్ లుక్ మరొకరు. గ్లింప్స్‌కు ఒకరు, టీజర్‌కు ఇంకొకరు. మొదటి పాటకొక హీరో, రెండో పాటకొక హీరోయిన్, ట్రైలర్‌కొక దర్శకుడు, ప్రీ రిలీజ్ వేడుకకు ఒక పెద్దాయన. కొన్ని చిన్న సినిమాలకు విడుదల చేసినవాళ్లే చూసినవాళ్ల కన్నా ఎక్కువ. వేదికనెక్కిన పెద్దాయన "నేనింకా సినిమా చూడలేదు కానీ" అని మొదలుపెట్టి "బ్లాక్‌బస్టర్ ఖాయం" అని ముగిస్తాడు. చూడకపోవడమే ఆ జోస్యానికి బలం. చూసుంటే అంత గట్టిగా చెప్పలేకపోయేవాడు.

మన భివండీ తెలుగు సంఘాలు తక్కువ తిన్నాయా? బతుకమ్మ ఆటకు హైదరాబాదు నుంచి యాంకరమ్మను రప్పిస్తారు. రానూపోనూ టికెట్లు, హోటలు, పారితోషికం అన్నీ లెక్క కట్టి ఇస్తారు. స్టేజీ మీద మాత్రం "మన మీద ప్రేమతో విచ్చేసిన" అంటారు. ఇది భివండీ రోగమనీ అనలేం. ఇక్కడ సాంచాల నుంచి చందాలు పోగయితే, అమెరికాలో తానా, ఆటా మహాసభలకు డాలర్లలో పోగవుతాయి. పైసల రంగే తేడా. అక్కడ కూడా హీరోతో ఫొటో దిగినవాడు ఇంటికెళ్లి మొదట ఆ ఫొటోలోంచి పక్కవాణ్ణి కత్తిరిస్తాడు.

పరిచయాల లెక్కకు శాస్త్రం కూడా ఉందని మొన్నొక దర్శకుడు మెహతాజీకి పాఠం చెప్పాడు. ప్రపంచంలో ఏ ఇద్దరు మనుషుల మధ్యైనా ఆరు మెట్లేనట. నిజమే, పాఠం ఉంది. 1960ల్లో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఒక పని చేశాడు. బోస్టన్‌లో ఉద్యోగం చేసే ఒక షేర్ బ్రోకర్‌ను గమ్యంగా పెట్టుకుని, ఎక్కడో నెబ్రాస్కాలో ఉన్నవాళ్లకూ బోస్టన్‌లోని మరికొందరికీ ఉత్తరాలిచ్చాడు. నేరుగా పంపకూడదు. తనకు బాగా తెలిసినవాడికే ఇవ్వాలి, వాడు తనకు తెలిసినవాడికి ఇవ్వాలి. అలా చేరిన ఉత్తరాలు సగటున ఐదుగురి చేతులు మారాయి. దర్శకుడి పాఠం ఇక్కడ ఆగిపోయింది. మిగిలిన సగం ఏమిటంటే, 296 మందితో మొదలుపెడితే చేరినవి 64. మిగతావి దారిలో ఎవరి బల్ల సొరుగులోనో ఆగిపోయాయి. పరిచయం ఉండటం వేరు, ఆ పరిచయస్తుడు లేచి పోస్టాఫీసు దాకా నడవటం వేరు. మన దర్శకుడి ఫోన్లోని ఫొటోలన్నీ ఆ సొరుగు ఉత్తరాలే.

మెట్లు లెక్కపెట్టుకోవడమే గొప్పయితే కనేరిలో గొప్పవాడు కానివాడెవడు? గోరేగావ్ ఫిల్మ్ సిటీ ఇక్కడికి ఎంతో దూరం కాదు. ఠాణే ట్రాఫిక్ దయ ఉంటే పొద్దున పోయి సాయంత్రానికి రావచ్చు. మా పక్క సందు పిల్లవాడు షూటింగులకు వ్యాను తోలుతాడు. అమితాబ్ బచ్చన్ ఉన్న సెట్ బయట వ్యాను ఆపి నిద్రపోయాడు కాబట్టి వాడికి అమితాబ్ ఒక మెట్టు. వాడితో రోజూ చాయ్ తాగే కండెల మిషను కుర్రాడికి రెండు మెట్లు. ఆ కుర్రాణ్ణి కరిచిన మా సందు కుక్కకు మూడు మెట్లు. కుక్క ఇంతవరకూ ఎవరినీ సినిమాకు పెట్టుబడి అడగలేదు. అంతవరకు దాని సంస్కారం మెచ్చుకోవాలి.

ఈ మాటలు వింటే దర్శకులకు కోపం వస్తుంది. "కాంటాక్ట్స్ లేకుండా సినిమా అయితదా అన్నా? ఎవడైనా పరిచయంతోనే పైకొచ్చిండు" అంటారు. కాదనను. సినిమా చరిత్ర తిరగేస్తే పరిచయాలు అడుగడుగునా తగులుతాయి. తగిలిన చోట ఆగి చూడాలి, అంతే.

ఎల్.వి. ప్రసాద్ ఉన్నాడు. ఏలూరు దగ్గరి సోమవరప్పాడు నుంచి బొంబాయి చేరినవాడు. స్టూడియోలో చిల్లర పనులు చేశాడు. పొట్ట గడవక సినిమా హాలు గేటు దగ్గర టికెట్లు చింపే పనికి కూడా కుదిరాడు. 1931లో వచ్చిన 'ఆలం ఆరా', అదే ఏడాది వచ్చిన 'కాళిదాస్', 1932లో వచ్చిన 'భక్త ప్రహ్లాద', మూడింట్లోనూ చిన్న వేషాలు వేశాడు. హిందీ, తమిళం, తెలుగు తొలి టాకీలు మూడూ! ఇంతటి పరిచయాల మూట ఆ రోజుల్లో ఎవరికుంది? ఈనాటి మన దర్శకుడైతే ఆ మూడు సెట్లలోనూ ఫొటోలు దిగి, ఊరికి తిరిగొచ్చి, ఏలూరు బజారులో గది అద్దెకు తీసుకుని, బొంబాయి సినిమా వాళ్లంతా మనోళ్లేనని బోర్డు కట్టుకునేవాడు. ఆ పిచ్చివాడు మాత్రం అక్కడే ఉండి ఏళ్ల తరబడి సహాయకుడిగా పని నేర్చుకున్నాడు. 1957లో 'శారద'కు దర్శకత్వం వహించినప్పుడు రాజ్ కపూర్, మీనా కుమారి ఆయన కెమెరా ముందు నిలబడ్డారు. టికెట్లు చింపినప్పటి నుంచి అక్కడికి పాతికేళ్ల దారి. మన దర్శకులకు అంత తీరిక ఎక్కడిది, బతుకమ్మ లోపు అడ్వాన్సు కావాలి.

కరీంనగర్ అంటే కనేరిలో చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఇక్కడి తెలుగువాళ్లలో ఎంతమంది ఊళ్లు ఆ దిక్కున ఉన్నాయో లెక్క లేదు. మరి పైడి జైరాజ్ పేరు చెబితే ఎందరు తలెత్తుతారు? 1909లో కరీంనగర్‌లో పుట్టాడు. ఇరవై ఏళ్లకు బొంబాయి వెళ్లాడు. మూకీల నుంచి మొదలుపెట్టి హిందీ తెర మీద దశాబ్దాలు నిలిచాడు. 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నాడు. ఇంకోటి చెబితే నమ్మరు. దిలీప్ కుమార్ రెండో సినిమా 'ప్రతిమ', 1945లో బాంబే టాకీస్ తీసింది. దానికి దర్శకుడు ఈ కరీంనగర్ మనిషే! అంటే దిలీప్ కుమార్ ఇంకా దిలీప్ కుమార్ కాకముందు, "ఇటు చూడు, అటు నడువు" అని చెప్పిన తెలుగువాడు ఒకడున్నాడు. ఒక దర్శకుడికి అంతకన్నా గట్టి పరిచయం ఏం కావాలి? కానీ మన దర్శకుడి ఫోన్లో జైరాజ్ ఫొటో ఉండదు. చచ్చిపోయినవాడితో ఫొటో దిగలేం, డేట్లు ఇచ్చాడనీ చెప్పలేం.

రాంగోపాల్ వర్మ సంగతి మాత్రం ప్రతి దర్శకుడూ ఎత్తుతాడు. "వర్మ అమీర్‌పేటల వీడియో షాపు నడిపిండన్నా, డైరెక్టుగ నాగార్జునతో 'శివ' తీసిండు!" అని. ఆ రెండు ముక్కల మధ్య ఉన్నదంతా మింగేస్తాడు. వర్మ తండ్రి అన్నపూర్ణ స్టూడియోలో సౌండ్ రికార్డిస్టు. అదీ పరిచయమే, దాచాల్సిన పనిలేదు. ఆ పరిచయం వర్మను స్టూడియో గేటు దాటించింది, 'కలెక్టర్ గారి అబ్బాయి', 'రావుగారిల్లు' సినిమాలకు సహాయకుల వరసలో నిలబెట్టింది. అక్కడితో దాని పని సరి. 1989 అక్టోబరులో 'శివ' తెరమీద సైకిల్ చైన్ తెంపినవాణ్ణి చూసి జనం ఈలవేసింది సౌండ్ రికార్డిస్టు కొడుకు తీశాడని కాదు. తండ్రులు స్టూడియోల్లో పనిచేసే పిల్లలు ఆ రోజుల్లో ఇంకా ఎందరో ఉండి ఉంటారు. ఇంకో ముక్క కూడా చెప్పాలి. వర్మకు ఎవరు తెలుసన్నది కాసేపు పక్కన పెడితే, వర్మ దగ్గర పని నేర్చుకుని దర్శకులైన వాళ్లున్నారు. కృష్ణవంశీ అక్కణ్ణుంచే వచ్చాడు, ఆయన మొదటి సినిమా 'గులాబి'కి 1995లో వర్మే నిర్మాత. పూరి జగన్నాథ్ కూడా ఆ గూటి పక్షే.

పూరి మాట వచ్చింది కాబట్టి ఆయన కంపెనీ సంగతి చెప్పుకుందాం. పేరు 'పూరి కనెక్ట్స్'. ఈ విషయం మీద వ్యంగ్యం రాయబోయేవాడికి దేవుడిచ్చిన వరం ఆ పేరు. ఆ కంపెనీ, కరణ్ జోహార్ ధర్మా ప్రొడక్షన్స్ కలిసి 2022 ఆగస్టు 25న 'లైగర్' విడుదల చేశాయి. కథ మొదలు మనదే: కరీంనగర్ నుంచి ఒక తల్లి కొడుకును వెంటబెట్టుకుని ముంబై వస్తుంది, చాయ్ బండి పెడుతుంది. ఆ తల్లి మా సందులోనే దిగాల్సింది. కరీంనగర్ నుంచి ముంబై వచ్చే తల్లీకొడుకులు దశాబ్దాలుగా దిగుతున్నది ఇక్కడే కదా! కల్యాణ్ రోడ్డు మీద బస్సు దిగి, ఊరివాడి అడ్రసు చీటీ పట్టుకుని, సాంచాల చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినబడక చేతులూపుకుంటూ. పాపం ఆ సినిమాకు భివండీ తగల్లేదు. లాస్ వేగాస్ తగిలింది. చివర్లో సాక్షాత్తు మైక్ టైసన్ తగిలాడు. ఒక తెలుగు దర్శకుడి పరిచయాల పట్టికలో టైసన్‌ను మించిన బరువైన పేరు అంతకుముందు లేదు, ఇకముందు వస్తుందన్న ఆశా లేదు. కానీ చాయ్ బండి దగ్గర నిలబడ్డ కరీంనగర్ తల్లికీ టైసన్‌కూ మధ్య ఏం కనెక్టయిందో ప్రేక్షకుడికి అంతుపట్టలేదు. సినిమా నేలకరిచింది. టైసన్ దెబ్బకు పడ్డవాళ్ల జాబితాలో దాన్నీ చేర్చవచ్చు. పూరి మీద నాకు కోపం లేదు. 'పోకిరి' తీసినప్పుడు ఆయనకు టైసన్ అవసరం పడలేదన్న బాధ తప్ప.

దానికి దాదాపు ఆరు నెలల తర్వాత, 2023 మార్చిలో, సిరిసిల్ల మనిషి వేణు యెల్దండి దర్శకుడిగా మొదటి సినిమా వచ్చింది. 'బలగం'. తీసింది సిరిసిల్ల చుట్టుపక్కల ఊళ్లలోనే. సిరిసిల్ల అంటే చెప్పేదేముంది, అక్కడా సాంచాలే, అక్కడి చప్పుడే ఇక్కడా. వేణుకు పరిచయాలు లేవా? దిల్ రాజు బ్యానర్ దొరికింది కదా, లేకేం. కానీ ఆ సినిమాకు ముఖ్య అతిథి కాకి. చనిపోయిన ముసలాయన పిండాన్ని కాకి ముడుతుందా ముట్టదా అన్నదే కథ. ఆ కాకిని ఏ దర్శకుడూ ఫోన్లో చూపించి "మనోడే" అనలేదు. ఊళ్లలో తెరలు కట్టుకుని, రచ్చబండల దగ్గర కూర్చుని, జనం సామూహికంగా ఏడ్చారు. సినిమా చూసి అన్నదమ్ములు కలిసిపోయారని పేపర్లు రాశాయి. అంతకు నాలుగేళ్ల ముందు, 2019లో, ఆసు యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం కథను రాజ్ రాచకొండ సినిమాగా తీశాడు. తల్లి భుజం నొప్పి చూడలేక కొడుకు యంత్రం చేసిన కథ. పద్మశాలి ఇంట్లో రోజుకు కొన్ని వేల సార్లు కదిలే ఒక చేతిని తెర మీద చూపించాడు. ఆ చెయ్యి ఎవరిదో కనేరిలో ప్రతివాడికీ తెలుసు. పరిచయమంటే ఇదీ అని నేననను, దర్శకులు ఏమైనా అనుకోనీ.

ఇక అందరికన్నా పెద్ద పేరు. మన దర్శకుడు ఆఖరి అస్త్రంగా తీసేది రాజమౌళి ఫొటో. ఆయనతో తాను దిగిందీ కాదు, ఆయన హాలీవుడ్ దర్శకుడు జేమ్స్ కామెరాన్‌తో మాట్లాడుతున్న ఫొటో. పేపర్లోంచి తీసింది. "చూడన్నా, మన తెలుగోడి రేంజ్!" నిజంగానే రేంజే. 2023 జనవరిలో ఒక అవార్డు సభలో కామెరాన్ రాజమౌళితో పది నిమిషాలు 'ఆర్ఆర్ఆర్' గురించి మాట్లాడాడు. సినిమాను రెండు సార్లు చూశాడట, ఒకసారి తాను, మరోసారి భార్యతో కలిసి. అదే నెలలో స్పీల్‌బర్గ్‌ను కలిసినప్పుడు రాజమౌళి దేవుణ్ణి చూశానని పొంగిపోయాడు. ఇందులో ఒక వరస ఉంది. సినిమా 2022 మార్చిలో వచ్చింది. కామెరాన్ ముందు సినిమాను చూశాడు, తర్వాత దర్శకుణ్ణి చూశాడు. మన దర్శకుడు ఈ వరసను తలకిందులు చేశాడు. కామెరాన్‌ను ముందు కలుస్తాడు, సేటు పైసలు తర్వాత వస్తాయి, సినిమా ఆ తర్వాత చూసుకోవచ్చు.

తెలుగు టీవీలది ఇంకో తమాషా. ఆ పది నిమిషాల మీద పది రోజులు కార్యక్రమాలు నడిపారు. కామెరాన్ మనోడైపోయాడు. రేపు ఏ ముహూర్తానికో ఆయన్నే గౌరవ దర్శకత్వానికి పిలుస్తారేమోనని భయపడ్డాను.

పరిచయాల మీద బతకడం తప్పని కనేరిలో ఎవరూ అనరు, అనకూడదు కూడా. ఈ పేట లేచిందే పరిచయం మీద. పాలమూరు, నల్లగొండ, కరీంనగర్, వరంగల్ నుంచి కరువుకో అప్పుకో తట్టుకోలేక బయల్దేరినవాడికి భివండీలో తెలిసింది ఒక్కటే పేరు, ఊరివాడిది. ఆ ఊరివాడు భోజనానికి ఖానావళి చూపించాడు, సాంచా మీద నిలబెట్టాడు, నాడె ఎలా పట్టాలో దారం ఎలా ముడెయ్యాలో చూపించాడు. వీడు దారాలు తెంపి బట్ట పాడుచేస్తే సేటు తిట్టింది వీణ్ణి కాదు, తెచ్చినవాణ్ణి. పరిచయానికి అంత ఖరీదుండేది.

దలాల్ సంగతీ అంతే. కనేరి గ్రే బట్ట పార్టీకి పోతుంది, పైసలు నెలల మీద వస్తాయి. మధ్యలో కాగితం కన్నా గట్టిగా నిలబడేది దలాల్ నోటి మాట. "పార్టీ మనోడే" అని దలాల్ ఒక్కసారి అంటే, ఆ పార్టీ ఎగ్గొట్టిన నాడు సేటు నేరుగా దలాల్ ఇంటి మెట్టు మీద వచ్చి కూర్చుంటాడు. రెండు పార్టీలు మునిగితే ఆ దలాల్‌కు బజారులో చాయ్ కూడా పుట్టదు. అందుకే దలాల్ "మనోడే" అన్న మాటను మందులా వాడతాడు, తూకం వేసి. మన దర్శకుడు ఉప్పులా చల్లుతాడు. హీరో రాకపోతే హీరోది తప్పు. హీరోయిన్ రాకపోతే మేనేజర్‌ది తప్పు. సినిమానే రాకపోతే ఓటీటీ వాళ్లది తప్పు. "మనోడే" అన్నవాడిది మాత్రం ఎప్పుడూ తప్పు కాదు.

ఒక సేటును నేనడిగాను, దర్శకుడికి ఎందుకిచ్చారు అడ్వాన్సని. నోట్ల రద్దు, జీఎస్టీ, కరెంటు బిల్లు, ఇన్ని దెబ్బలు తిని సగం సాంచాలు పాత ఇనుప భంగారు కింద కిలోల లెక్కన తూచి అమ్ముకున్న మనిషి. "సాంచాల పెట్టినా పోతున్నయి, అండ్ల పెడితే ఒక ఫొటో అన్న మిగుల్తది" అన్నాడు. ఆ జవాబుకు నా దగ్గర ఎదురు మాట లేదు. ఫొటో మిగిలింది నిజమే. ఆఫీసు గోడ మీద, లక్ష్మీదేవి పటం పక్కన, క్లాప్ బోర్డు పట్టుకుని సేటు. ఆ క్లాప్ బోర్డు మీద సినిమా పేరు రాసే చోటు ఖాళీగా ఉంది.

సేట్లు మోసపోతే మోసపోనీ, వాళ్లది వ్యాపారం. అసలు పరీక్ష ఖానావళి నడిపే పెద్దమ్మ దగ్గర జరిగింది. లొకేషన్లు చూస్తున్నానని చెప్పి ఆ దర్శకుడు రెండు నెలలు ఇక్కడే మకాం వేశాడు, రెండు పూటలా ఉద్దెర మీద తిన్నాడు. తిన్నన్నాళ్లూ ఆమెకు ఫొటోలు చూపించాడు. పెద్దమ్మ ఓపికగా చూసింది. లెక్క చూసుకునే రోజు వచ్చింది.

"బిడ్డా, గా హీరో సారు నీకు సొంత అన్న లెక్కనంటివి గద. నెంబరియ్యి. నీ పైసలు ఆయన్నే అడుగుత."

"అట్ల డైరెక్టుగ ఫోన్ చేస్తే బాగుండదమ్మా. ఆయన మేనేజరుకు చెప్పాలె, మేనేజరు పీఏకు చెప్తడు..."

"నువ్వు మేనేజరుకు చెప్పొస్తివా నా దగ్గర తింటానికి?"

మర్నాడు దర్శకుడు హైదరాబాదులో అర్జెంటు సిట్టింగ్ ఉందని వెళ్లిపోయాడు. పెద్దమ్మ తిట్టలేదు, మొత్తుకోలేదు. చదువుకున్న మనవణ్ణి పిలిచి, ఉద్దెర పుస్తకంలో దర్శకుడి పేరు కొట్టించి, ఆ చోట హీరో పేరు రాయించింది. ఇప్పుడు ఆ హీరోకు కనేరిలో నిజంగానే ఒక కాంటాక్ట్ ఉంది. పాపం ఆయనకు తెలియదు గానీ, రెండు నెలల భోజనం బాకీ.